తెరలో ఆయనకు కనిపించిన ముక్క

మొన్న మా మాస్టారు ఒక సినిమా సంఘం వాళ్ల సావనీరులో వ్యాసం రాశారు. పదహారేళ్ల కిందట నాంపల్లి స్టేషనుకు దగ్గర్లోని ఇరానీ హోటల్లో నలుగురం కూచుని, గడిచిన ఏడాది వచ్చిన సినిమాల్లో గొప్పది ఏదో తేల్చుకునేవాళ్లమని, ఆ కబుర్లు ఎంత కమ్మగా ఉండేవో అని రాశారు. ఎవరి పేరూ వేయలేదు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో ఒక పేరా ఉంది. మాలో నక్షాలు గీసే మిత్రుడొకరు, అరవై రెండు నాటి సినిమాల మీద వాదన నడుస్తున్న రోజున, తనకు చూపు తగ్గుతోందని తానే నవ్వుతూ బయటపెట్టాడట. ఆ తరవాత ఉద్యోగాన్ని గౌరవంగా వదులుకున్నాడట.

అలా జరగలేదు.

మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి. తన ఎదుట జరిగినదాన్ని మనసే అలా మార్చి పెట్టుకుందో, నా పరువు పోతుందని కలాన్ని పక్కకు తిప్పారో నాకు తెలియదు. ఏదేమైనా అచ్చులో పడ్డ మాట నిలిచిపోతుంది. ఆ రోజు ఆ బల్ల దగ్గరున్న నలుగురిలో ఒకరు పోయారు. ఒకరు చదవలేరు. మాస్టారు రాసేశారు. ఇక మిగిలింది నేను.

నేను యాభై ఏడులో కృష్ణా జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద ఈ ఊరొచ్చాను. నాంపల్లిలో ఒక పాత ఇంటి వెనక భాగం కిరాయికి దొరికింది. ముందు భాగంలో ఆ నక్షాలు గీసే ఆయన ఉండేవాడు. తాతల నాటి నుంచీ ఇక్కడివాళ్లు. భూముల కొలతలు చూసే ఒక ఆఫీసులో, పాత నక్షాల మీద పల్చటి గుడ్డ పరిచి, అడుగున కనిపించే గీతల్ని సిరాతో పైకి ఎక్కించడం ఆయన పని. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. ఆయన భార్యను వదినా అని పిలిచేవాణ్ని. ఆమె కూడా నన్ను తమ్మీ అనే అనేది.

వచ్చిన వారానికే, నల్లా దగ్గర బిందె నింపుకుంటుంటే అడిగాడు. "తమ్మీ, పిక్చర్లు జూస్తవా?"

"అన్నం తింటావా అన్నట్టు అడుగుతున్నావే అన్నా."

"గట్లయితే మన దోస్తానా కుదిరినట్టే. ఐతారం తయారుండు."

ఆ రోజుల్లో ఆబిడ్స్ చుట్టుపక్కల హాళ్లలో రోజూ ఆడేవి ఎక్కువగా హిందీ సినిమాలే. తెలుగు సినిమాకు చాలాసార్లు ఆదివారం పొద్దుటి ఆటే గతి. మా జిల్లాలో ఒక్కో సినిమా వంద రోజులాడటం చూసిన నాకు, ఇక్కడ దాన్ని పొద్దున్నే పాలప్యాకెట్టు... కాదు, అప్పుడు ప్యాకెట్లు ఎక్కడివి, పాలచెంబు కోసం నిలబడ్డట్టు నిలబడి చూడాల్సి రావడం కొత్తగా ఉండేది. పొద్దుటి ఆటలో ఇంకో ఇబ్బంది ఉంది. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల కటిక చీకటి. మొదటి ఆదివారమే, తలుపు తెర దాటగానే అన్న ఆగిపోయాడు. నా భుజం పట్టుకున్నాడు. సీట్లో కూచునేదాకా వదల్లేదు.

"చీకటి నాకు జర పడది తమ్మీ," అన్నాడు.

ఆ జర ఎంతో నాకు ఏడాది తరవాత తెలిసింది. స్టేషనుకు దగ్గరి పెద్ద తోటలో, బాగ్ అనేవాళ్లు, బెంచీ మీద కూచుని ఆయనే చెప్పాడు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. పెద్దయ్యాక చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వచ్చింది. పిడికిలిని గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకుని చూపించాడు. "గీ సందు కెల్లి జూసినట్టు ఉంటది. సందుల ఉన్నది సాఫ్ గనవడ్తది. సందు అవతల ఏం లేదు. నలుపు గూడ లేదు."

"మరి ఆఫీసులో పని?"

"కిటికీ కాడ కూసుంట. ఎలుగు మస్తుగొస్తది. కండ్లు తిప్పుడు బదులు గుడ్డనే జరుపుకుంట. నా గీత జూసి మా సాబ్ ఏమంటడో ఎర్కనా? ఎంట్రుక గూడ ఇంత సన్నగ మొలవదంటడు." గొంతు తగ్గించి అన్నాడు. "గని తమ్మీ, మీ వదినకు తప్ప ఎవలికి ఎర్క లేదు. ఆఫీసుల తెలిస్తే నౌకరి నిలవదు. నీ నోట్లెనే ఉండాలె."

"మా అమ్మ తోడు," అన్నాను. నేను ఒట్టు వేశానన్న సంగతి మాస్టారికి ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి హాల్లో నేను ఆయన చెవిలో చెబుతూ ఉండేవాణ్ని. ఎడమ తలుపులోంచి అత్తగారు వచ్చింది, వెనక మేడ మీద విలన్ నిలబడ్డాడు, వాన మొదలైంది. వెనక వరసల్లోంచి తిట్లు పడేవి. "ఓ భాయ్, నీ కామెంటరీ బంద్ జెయ్! టికెట్ పైసలు నీకిచ్చినమా?" అన్న కిసుక్కున నవ్వేవాడు. తెర మొత్తం ఆయనకు ఎన్నడూ కనిపించలేదు. ఎక్కడ చూపు పడితే అంత మేరే. ఒకసారి ఒక మనిషి చెవి, ఒకసారి గొళ్లెం, ఒకసారి చీర కుచ్చిళ్లు. కథ నేను చెప్పేవాణ్ని.

ఇక మా పంచాయితీ. జనవరి మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆ ఇరానీ హోటల్లో, మూల బల్ల దగ్గర. మేమిద్దరం, మాస్టారు, అన్న ఆఫీసులో సెక్షను పెద్ద. మాస్టారిది గుంటూరు వైపు. సుల్తాన్ బజార్ దగ్గర బళ్లో తెలుగు చెప్పేవారు. సెక్షను పెద్దను అందరం సాబ్ అనేవాళ్లం. యాభై దాటిన మనిషి, గళ్ల మఫ్లరు, ఉర్దూ చదువు. సినిమా పాటలంటే ప్రాణం.

మా పంచాయితీకి రెండే రూల్స్. న్యూస్‌రీల్ మొదలవక ముందే హాల్లో కూచుని, చివర తెర మీద జాతీయ జెండా వచ్చేదాకా పూర్తిగా చూసిన సినిమా గురించే నోరెత్తాలి. ఓటు బిస్కట్‌తో. నలుగురికీ తలొక ఉస్మానియా బిస్కట్ వస్తుంది. ఎవరి వాదన నచ్చితే వాళ్ల సాసర్లో నీ బిస్కట్ పెట్టాలి. ఎక్కువ బిస్కట్లు వచ్చినవాడి సినిమా ఆ ఏటి సినిమా. మాస్టారు దాన్ని తన డైరీలో ఎక్కించేవారు.

మూడేళ్లు వరసగా అన్న సాసరే నిండింది. నా సాసర్లో నా బిస్కట్ ఒక్కటే ఉండేది.

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ దీన్ని వదిలేస్తే మిగతాది అర్థం కాదు. నాకు కడుపు మండేది. ఆయన చూసేది తెరలో పిడికెడు. మిగతాదంతా నా నోటితో చూస్తాడు. తీరా హోటల్లో కూచున్నాక మాస్టారు, సాబ్ ఆయన మాటలకు తలలూపుతారు. నా కళ్లతో ఆయన పేరు తెచ్చుకుంటున్నాడని అనుకునేవాణ్ని. అది నిజం కాదు. నేను చెప్పింది ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అనేదే. అది పక్క సీటు పిల్లాడైనా చెబుతాడు. ఆయన మాట్లాడింది తను చూసిన ముక్క గురించే. అది పూర్తిగా ఆయనదే. ఈ తేడా ఇప్పుడు రాస్తున్నంత తేలిగ్గా అప్పుడు నాకు తట్టలేదు.

అరవై రెండు సినిమాల పంచాయితీ అరవై మూడు జనవరిలో జరిగింది. ఆ ఏడు నా సినిమా ఒక పౌరాణికం. కోట సెట్టు, యుద్ధం, ఏనుగులు, గుర్రాలు, ఆకాశం నుంచి దిగే రథం. నాలుగుసార్లు చూశాను. అన్న సినిమా ఒక చిన్న సాంఘికం. రెండు ఆదివారాలు పొద్దుటి ఆటగా ఆడించి ఎత్తేశారు. అన్న పోరు పడలేక మాస్టారూ సాబూ కూడా వెళ్లి చూశారు.

"సరే, పంచాయితీ మొదలు," అన్నారు మాస్టారు. "న్యూస్‌రీల్ అయ్యాక దూరినవాళ్లు ముందే లేచి నిలబడి తప్పు ఒప్పుకోండి."

"నేనైతే జెండా దాకా కూసుంట మాస్టర్ సాబ్," అన్నారు సాబ్.

"కూచుంటారు. ఇంటర్వెల్ నుంచి గురక కూడా పెడతారు. మొన్న మీ పక్కన కూచున్నది నేనే కదా."

"కండ్లు మూసుకున్న గని చెవులు తెరిచే ఉంటయ్. పాట రాంగనే లేస్త."

నేను నా సినిమా అందుకున్నాను. బాగానే చెప్పానని గుర్తు. యుద్ధం దృశ్యం దగ్గరకొచ్చేసరికి చేతులు కూడా ఊపాను. "ఆ ఏనుగులు బారులు తీరి వస్తుంటే చూశారా? తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా! మనవాళ్లు అంత పని చేస్తారని ఎవరైనా అనుకున్నారా?"

"జూసిన తమ్మీ," అన్నాడు అన్న. "నాకు ఒక ఏనుగు కాలు గనవడ్డది. గా కాలుకు గజ్జెలు గట్టిన్రు. యుద్ధానికి పొయ్యే ఏనుగుకు గజ్జెలెందుకు? పెండ్లికి గిట్ల పోతున్నదా?"

సాబ్ పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు టీ పొలమారి దగ్గారు. "వార్నీ! అది ఏ గుళ్లోంచో అద్దెకు తెచ్చిన ఏనుగయ్యా! గజ్జెలు విప్పడం మర్చిపోయారు!"

నాలుగుసార్లు చూసిన నాకు ఆ గజ్జెలు కనిపించలేదు.

తరవాత అన్న తన సినిమా చెప్పాడు. ఆయన మాటలు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. "మొగడు జైలు కెల్లి వచ్చిండు. తలుపుల నిలవడ్డడు. ఆమె చాటల బియ్యం ఏరుతున్నది. చేతులు జూడుండ్రి. ఒక రాయి దీసి పక్కకు పెట్టింది. ఇంకో రాయి దీసింది. గా రాయి పట్టుకొనే ఉన్నది. పక్కకు పెడ్తలేదు, పారేస్తలేదు. యాడ పెట్టాల్నో మర్చిపోయింది. ఏడేండ్లు ఎట్ల బతికిందో, వచ్చినోన్ని రమ్మంటదో పొమ్మంటదో, అంతా గా రెండు వేళ్లల్ల ఉన్నది. గసొంటిది నేను ఇంగ్లీషు పిక్చర్ల గూడ జూడలె."

సాబ్ కళ్లు మూసుకుని, "వాహ్," అన్నారు. మాస్టారి చెయ్యి బిస్కట్ మీదికి పోవడం చూశాను. సాబ్ అప్పటికే తన బిస్కట్ అన్న సాసర్లో పెట్టేశారు. నాలుగో ఏడు కూడా అంతే కాబోతోంది.

"ఆ దృశ్యంలో ఆమె ముఖం ఎలా ఉంది అన్నా?" అని అడిగాను.

అన్న తడబడ్డాడు. "ముఖమా? ముఖం... చేతులే గద ముఖ్యం."

"తెర పైభాగమంతా ముఖమే. గుడ్లు పెద్దవి చేసి, ముక్కు ఎగబీలుస్తూ, హాలు దద్దరిల్లేలా ఏడుస్తోంది. ఆ చేతుల్ని ఎవరూ చూడమని చూపించలేదు. అవి అడుగున మిగిలిపోయాయి. నువ్వు చెప్పే సినిమా తెర మీద లేదు అన్నా."

మాస్టారు నుదురు రుద్దుకున్నారు. "అవునోయ్. ఏడుస్తుంది. ఇతను చెబుతుంటే ఆ ముఖం సంగతే మర్చిపోయాను."

"రూలు రూలే మాస్టారూ. పూర్తిగా చూడనివాడికి ఆ సినిమా మీద మాట లేదు, ఓటు లేదు."

"పూర్తిగనే జూసిన," అన్నాడు అన్న. "నీ పక్కనే కూసుంటి గద."

"పక్కన కూచున్నావు. చూశావా?"

అన్న నా వైపు తిరిగాడు. "తమ్మీ," అన్నాడు. ఆ పిలుపు దగ్గర నేను ఆగిపోయి ఉండొచ్చు. ఆగడానికి వీలుండింది. నోరు జారిందని చెప్పుకోవడానికి లేదు.

నా బిస్కట్, మాస్టారి బిస్కట్ తీసుకుని, ఒకటి ఆయన ఎడమ మోచేతి దగ్గర, ఇంకొకటి కుడి మోచేతి దగ్గర బల్ల మీద పెట్టాను. అన్న తన ముందున్న సాసర్ కేసి చూస్తున్నాడు. "తల తిప్పకుండా చెప్పు. నీ ముందు బల్ల మీద ఎన్ని బిస్కట్లున్నాయి?"

మాస్టారు అదేదో ఆట అనుకున్నారు. "చెప్పవయ్యా! నాలుగో తరగతి లెక్కే కదా!" అని నవ్వారు.

సాబ్ నవ్వలేదు. ఆయనకు అప్పటికే అర్థమైనట్టుంది. "ఛోడో మియా, గిదేం ఆట," అన్నారు నాతో.

అన్న సాసర్ వైపే చూస్తూ, "రెండు," అన్నాడు. ఆయన బిస్కట్, సాబ్ బిస్కట్. ఆ తరవాత, పొరపాటు జరిగిందని ఆయనకే తోచిందేమో, చేత్తో బల్ల తడమబోయాడు. హోటలువాడు అప్పుడే పక్కన పెట్టి వెళ్లిన వేడి టీ కప్పుకు చెయ్యి తగిలింది. టీ ఆయన చొక్కా మీద, సాబ్ ఒళ్లో పడింది.

పక్క బల్ల దగ్గర అన్న ఆఫీసువాళ్లే ఇద్దరు కూచుని ఉన్నారు. ఆదివారమైనా స్టేషను దగ్గర పని పడి వచ్చినట్టున్నారు. అందులో ఒకతను మెడ చాచి, "ఏందీ, నక్షా భాయ్‌కు కండ్లు గనవడ్తలెవ్వా ఏంది?" అన్నాడు.

"చాయ్ ఒలికింది. గంతే. నీ చాయ్ నువ్వు తాగు," అన్నారు సాబ్ కసురుతూ. మఫ్లరు తీసి అన్న చొక్కా తుడవసాగారు.

అప్పుడు నేను అన్నాను. ఈ వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. "కనపడవు. హాల్లోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది నేనే." పక్క బల్లకు వినపడేలాగే అన్నాను.

అన్న లేచాడు. సాబ్ ఆయన చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, కుర్చీలను తడుముకోకుండా, నిటారుగా నడిచి వెళ్లాలని చూశాడు. గుమ్మం దగ్గర ఒక స్టూలు తగిలి తూలాడు. సాబ్ వెనకే వెళ్లారు. డైరీలో ఆ ఏడాది పేజీలో మాస్టారు ఏమీ రాయలేదు.

మార్చిలో అన్నకు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. కంటి దవాఖానలో పరీక్ష చేయించుకు రమ్మన్నారు. అక్కడ డాక్టర్లు తమ పని తాము చేశారు. పక్క చూపు లేదని రాశారు. ఆయన గీసిన గీత ఎంత సన్నగా ఉందో చూడటం వాళ్ల పని కాదు. ఎండాకాలం మధ్యలో ఉద్యోగం పోయింది. ఆయన ఆ గొట్టంలోంచే ఇంకో అయిదారేళ్లు ఎవరికీ లోటు లేకుండా పని చేసేవాడు. ఇది నా ఊహ కాదు. ఆయన తరవాత ఆ బల్ల దగ్గర కూచున్నతను నాతో అన్న మాట.

ఇల్లు ఖాళీ చేసి బేగం బజార్ వెనక చుట్టాల ఇంట్లో ఒక గదిలోకి మారారు. సామాను బండికెక్కిస్తుంటే నేను వెళ్లి ఒక ట్రంకు పెట్టెకు చెయ్యి వేశాను. వదిన అడ్డం వచ్చింది. "ఉండనియ్యుండ్రి సార్," అంది. అప్పటిదాకా ఆమె నన్ను సార్ అని ఎన్నడూ పిలవలేదు.

ఇక రెండో తప్పు. ఇది మాస్టారి వ్యాసంలో లేదు, ఎవరి నోటా లేదు. ఎందుకంటే దాన్ని పుట్టించి, నమ్మించింది నేనే. ఉద్యోగం పోయిన కొత్తలో మాస్టారు బాధపడుతూ అడిగారు. "ఆఫీసుకు ఎవరు మోసి ఉంటారయ్యా?"

"ఇంకెవరు? పక్కన కూచుని అంతా చూసిన పెద్దాయనే," అన్నాను.

పక్క బల్ల వాళ్ల సంగతి మాస్టారికి గుర్తులేనట్టుంది. లేకపోతే నా మాటను నమ్మడమే ఆయనకు సుఖంగా ఉందేమో. ఆ రోజు నుంచి సాబ్ ఎదురొస్తే మాస్టారు రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేవారు. ఒకసారి ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు మెట్ల దగ్గర సాబ్ చెయ్యెత్తి సలాం చేస్తే చూడనట్టు తల తిప్పుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. సాబ్ చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండి కిందికి దిగింది. పంచాయితీ మళ్లీ జరగలేదు.

సాబ్ డెబ్బై మూడులో పోయారు. ఖైరతాబాద్‌లో వాళ్లింటికి వెళ్తే, వాళ్ల ఆఫీసు ముసలి చప్రాసీ అరుగు మీద కూచుని చెప్పాడు. ఆ జనవరి నుంచి మార్చి దాకా సాబ్ అన్నకు పెద్ద నక్షాలేవీ ఇవ్వలేదట. చిన్న చిన్న ముక్కలే ఇచ్చేవారట. పై అధికారి తనిఖీకి వచ్చిన రోజున తను గీసిన గుడ్డను తీసుకెళ్లి అన్న బల్ల మీద పరిచారట. పైకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లాక మాత్రం ఆయన వల్ల కాలేదు. "మా సాబ్ గా దినం అన్నం ముట్టలె," అన్నాడు చప్రాసీ.

అది తెలిశాక కూడా నేను అన్న దగ్గరికి వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. మాస్టారికి సాబ్ సంగతి చెప్పడానికి ఇంకా ధైర్యం చాలలేదు. ఈ కాగితం చూసే తెలుసుకుంటారు.

వెళ్లింది ఒక మధ్యాహ్నం. మసాలా కొట్ల సందులో, మిరపకాయల ఘాటులో తుమ్ముకుంటూ ఇల్లు పట్టుకున్నాను. వదిన తలుపు తీసింది. గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. అన్న చాప మీద కూచుని గోనెసంచి మూతి కుడుతున్నాడు. చుట్టాల కొట్టువాళ్లు ఆ పని ఇస్తారట. అప్పటికి ఆయనకు ఆ పిడికెడు చూపు కూడా పోయింది.

"ఎవలు?" అన్నాడు.

పేరు చెప్పాను. సూది ఆగింది. తరవాత మళ్లీ నడిచింది.

"కూసో తమ్మీ," అన్నాడు. ఆ మాట అంటాడని నేను అనుకోలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. అదే నా పొరపాటు. సాబ్ గురించి చప్రాసీ చెప్పిందంతా చెప్పాను. ఆయన తప్పు లేదని, ఊరికే ఆయన మీద నింద వేశానని చెప్పాను.

"నాకెర్కనే," అన్నాడు అన్న. "సాబ్ ప్రతి పండుగకు వస్తుండె. గా మూల కూసుంటుండె. పాటలు పాడుతుండె. నువ్వు గట్ల చెప్పినవని గూడ ఎర్కనే. పోస్టాఫీసు కాడ మీరిద్దరు గట్ల నిలవడ్డనాడే సమజైందని సాబే చెప్పిండు. మాస్టర్ సాబ్‌కు చెప్పుండ్రి అని నేనంటే, 'పోనీ, పోరడు పరేషాన్ల అన్నడు' అన్నడు."

నేను మోసుకొచ్చిన నిజం ఆ గదిలో పదేళ్ల కిందటిదే. దాంతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. నన్ను క్షమించమన్నాను. నావల్ల నౌకరీ పోయిందన్నాను.

"నౌకరి ఎన్నడన్న పోయేదే తమ్మీ. ఎంతకాలం దాస్త? గా ఫికర్ నాకు పోయింది." సంచిని తిప్పుకుని రెండో అంచు పట్టుకున్నాడు. "పిక్చర్ సంగతే. కండ్లు పోయినంక ఏం జేస్తరు ఎవలైన? జూసినయి యాది జేసుకుంటరు. నాకు శాన యాదికున్నయి. గజ్జెల కాలు యాదికున్నది. గని గా బియ్యం ఏరే చేతులున్నయి సూడు, గవి వస్తలెవ్వు. నువ్వు ముఖం చెప్పినవ్ గద. గుడ్లు పెద్దగ జేసి ఏడ్సే ముఖం. నేను ఎన్నడు జూడని ముఖం. కండ్లు మూసుకుంటె గదే వస్తది. చేతులు అడుగుకు పోయినయి."

"నేను తప్పు చెప్పాను అన్నా," అన్నాను. "ఆ ముఖం అంతలా ఏమీ లేదు. నీ సినిమానే గొప్పది. ఆ ఏటికి నా ఓటు దానికే."

ఆయన నవ్వాడు. వెక్కిరింత లేదు ఆ నవ్వులో. అసలేమీ లేదు. "ముఖం ఉన్నది తమ్మీ. నువ్వు చెప్పింది నిజమే. మాస్టర్ సాబ్ గూడ ఔనన్నడు గద. ఇప్పుడు నీ ఓటు నేనేం జేసుకోవాలె?"

తరవాత ఆయన మాట్లాడలేదు. నేను కూచున్నంతసేపూ సంచి కుడుతూనే ఉన్నాడు. ఒకటి అయిపోతే పక్కకు తోసి ఇంకొకటి లాక్కున్నాడు. నేను లేచి వస్తానన్నా తల ఎత్తలేదు.

వదిన గుమ్మం దాకా వచ్చింది. చీర కొంగుతో ముక్కు మూసుకుని ఉంది, మిరప ఘాటుకో, మరెందుకో.

"మల్ల రాకుండ్రి సార్," అంది మెల్లగా. "మీ మీద కోపం గాదు. దినమంతా గా పిక్చర్లే చెప్తుంటడు నాకు. గీడ గట్లున్నది, గాడ గట్లున్నది అని. నేను ఒక్కటి గూడ జూడలె. గని వింట. గాయనకున్నది గంతే. ఇగ రేపటి సంది ఎన్ని దినాలు నోరు మూసుకుంటడో."

అలాగేనన్నాను. అది జరిగి రెండేళ్లు. బేగం బజార్ మీదుగా పోవాల్సి వచ్చినా ఆ సందు వైపు వెళ్లను. ఆయన మళ్లీ నోరు విప్పాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్లకపోవడమే ఆమె నన్ను అడిగింది.